కాటా పుస్తకంలో పన్నెండు నిమిషాలు

ఐదూ నలభైకి కోనాం, రెండు గంపలు.
మసేనమ్మ పాట.
జెట్టీ ఈ చివర ఆమె గొంతు లేస్తే
ఐసు మిల్లు అవతల కుక్కలు లేచి నిలబడేవి.
"మూడేల రెండొందలు! ఒలే, మూడేల మూడు!"
రాసుకున్నాను. హార్బర్లో కాటా దగ్గర నా పని అదే,
చేప పేరు, బరువు, ధర, వేళ.
వేళెందుకురా అని నవ్వేవారు.
ఎండెక్కితే ధర జారుతుంది, అందుకని.

ఐదూ యాభైరెండుకి తూర.
"నాలుగేలు" అనబోయి
"నాలు... నాలు..." అని ఆగింది.
తడి ఇసకలో కాలు దిగబడ్డట్టు
మాట నోట్లోనే దిగబడింది.
మేం నవ్వాం.
నేనూ నవ్వాను. అది రాయకపోతే
ఈ లెక్క తప్పు.

"రాత్రి గట్టిగా ఏసినట్టుంది" అన్నాడెవడో.
ఎండదెబ్బ అన్నాడు ఇంకొకడు,
సూర్యుడింకా నీళ్ళలోంచి నడుం దాకా లేవందే.
దిష్టి అన్నారు. సోడా కొట్టించారు.
పచ్చవాతమైతే పావురం నెత్తురు రాయాల,
పట్టండ్రా ఒకదాన్ని, అంటూ ఓ పెద్దాయన
మిల్లు రేకుల కేసి చూశాడు.

అప్పుడొచ్చింది గురమ్మ, రొయ్యల తట్ట నేలకేసి కొట్టి.
మూడేళ్ళ కింద తన మనిషిని
"పడుకుంటే సర్దుకుంటాది" అని
చాప మీద పడుకోబెట్టింది తనే.
సోడా సీసా తోసేసింది. "గొంతుకడ్డం పడతాది!"
మసేనమ్మ గడ్డం పట్టుకుని
"నవ్వే" అంది. "ఓపాలి నవ్వే."
సగం నవ్వు వచ్చింది.
మిగతా సగం గాలి పడిపోయిన తెరచాప.
"రెండు సేతులూ ఎత్తే."
ఎడమది లేచింది. కుడిది
తడిసిన మోకులా కిందికి దిగిపోయింది.
"నీ ఇంటిపేరు సెప్పే."
ముప్పై ఏళ్ళు రేవు పొడుగునా అరిచిన పేరు
నాలుక మీద దొరకలేదు.
"ఒరే, ఆటో!"

ఐసు పెట్టెల ఆటోలో కోటవీధి దాటి
కేజీహెచ్ ఎత్తు ఎక్కుతుంటే
ఆమె తల నా భుజం మీద.
అంత బరువు నేనెప్పుడూ తూచలేదు.

డాక్టరమ్మ మొదటి మాట
డబ్బు గురించి కాదు, కార్డు గురించి కాదు.
"చివరిసారి బాగా మాట్లాడింది ఎప్పుడు?"
చేపల కంపు కొట్టే పుస్తకం తీసి చూపించాను.
ఐదూ నలభై. కోనాం. రెండు గంపలు.
ఆ గీత మీద వేలుంచి
గోడ గడియారం కేసి చూసింది.
నాలుగున్నర గంటలు దాటితే ఆ మందు ఎక్కించరట.
స్కానింగు తీశాక చెప్పారు,
మెదడుకెళ్ళే నరంలో నెత్తురు గడ్డ,
రేవు మూతికి ఇసక మేట వేసినట్టు.

ఇంట్లో బీపీ మాత్రల అట్ట దొరికింది.
పద్నాలుగింటికి పదకొండు మిగిలే ఉన్నాయి.
తలనొప్పి లేనప్పుడు మాత్రెందుకు, అనేదట కోడలితో.
చూరుకి నెత్తళ్ళ దండ, ఉప్పు తెల్లగా పూసి.
మమ్మల్ని బతికించింది ఆ ఉప్పే.
ఎంతవరకో
ఏ కాటా చెప్పలేదు.

మసేనమ్మ మళ్ళీ పాడుతోంది.
"నాలుగేలు" దగ్గర ఇప్పటికీ ఆగుతుంది.
మధ్యలో ఎవరూ పాట పెంచరు. సముద్రం ఒక్కటే
గట్టుని తడుతూ ఉంటుంది.
కుడిచేతి వేళ్ళు మూడు లేస్తాయి,
నాలుగోదాన్ని ఎడమ చేత్తో లేపుకుంటుంది.

గురమ్మ చందాలెత్తి కొన్న బీపీ మిషను
ఇప్పుడు కాటా పక్కన బల్ల మీద.
మొదటి గంప దిగకముందే చెయ్యి చాపాలి,
బోటు ఓనరైనా, ఐసు కొట్టే కుర్రాడైనా.
నిన్న నన్ను పట్టుకుంది.
నాకేటీ లేదన్నాను. నలభై రెండేళ్ళే అన్నాను.
పట్టీ బిగిసింది, వదిలింది.
గురమ్మ అంకె చూసింది. నవ్వలేదు.

"రాసుకో" అంది.
"ఏళ కూడా."