వంగిన మేకులు

పొద్దున్నే టైమ్‌క్లాక్ పక్కన జాబితా అంటించారు,
రేషన్ కాఫీలాగే పల్చటి కాగితం మీద.
అందరం తలకాయలు దూర్చాం.
కళాదర్శకత్వం కింద, నాలుగో వరుసలో
మా సినిమా పేరు,
దాని పక్కన మిస్టర్ విన్‌గేట్ పేరు.

విన్‌గేట్ మంచివాడే.
సెట్టు మీదికి రెండుసార్లు వచ్చాడు.
రెండోసారి బూట్లకి సున్నం అంటుతుందని
గేటు దగ్గరే ఆగి, బావుంది అన్నాడు.

ఊరు కట్టింది బొహుమిల్ క్రాత్కీ.
ఎక్కడా రాసిలేదు గనక నేను రాస్తున్నాను.

యుద్ధం ముందు మేకుల్ని ఎత్తుకుపోయింది,
తర్వాత రబ్బరు, పంచదార, మా తమ్ముడు లెస్టర్ని.
కొత్త సామానుకి సెట్టుకి ఐదువేల డాలర్లు దాటకూడదని హుకుం.
పాత రాజమహళ్ళు ఊడదీసి
వంకరపోయిన మేకులు బస్తాలకెత్తి
క్రాత్కీ ముందు గుమ్మరించేవాళ్ళు.
రైలుపట్టా ముక్క మీద ఒక్కోదాన్నీ పెట్టి
టక్, తిప్పి, టక్.
నేను పక్కనే ప్లాస్టర్ గోడలకి రాతిరంగు వేస్తూ
తెలీకుండానే ఆ దెబ్బకే బ్రష్షు కదిపేదాన్ని.

డ్రాయింగులో ఉన్నది యూరప్‌లో ఒక ఊరు.
ఏ ఊరైనా ఫరవాలేదు.
అతను మాత్రం చెవి మీది పెన్సిలు తీసి
రొట్టెల కొట్టు గుమ్మం నాలుగంగుళాలు తగ్గించాడు.
"మా మేనమామ పొట్టివాడు" అన్నాడు.
అద్దకంవాళ్ళ ఇంటి కిటికీ
బయటికే తెరుచుకోవాలని పట్టుబట్టాడు.
ఎందుకో చెప్పలేదు.
నూతి గిలక మరీ నున్నగా తిరుగుతోందని
నూనె తుడిచి ఇసుక పోశాడు, కిర్రుమనేదాకా.
ముప్పై తొమ్మిది నుంచీ ఉత్తరాల్లేవని ఒక్కసారి అన్నాడు,
రంగు ఆరిందా అని అడిగే గొంతుతోనే.

ఆగస్టులో తగలబెట్టారు.
నాలుగు కెమెరాలు, ఒకటే టేకు.
శత్రు సైనికుడొకడు నన్ను అగ్గిపుల్ల అడిగాడు,
ఒమాహా కుర్రాడు, చెమటకి మీసం జారిపోతోంది.
రొట్టెల కొట్టు ముందు అంటుకుంది.
కిటికీ, అతనన్నట్టే, బయటికి తెరుచుకుంది.

తెల్లారి వచ్చేసరికి బూడిదలో క్రాత్కీ,
తాడుకి కట్టిన అయస్కాంతాన్ని
కుక్కని షికారు తిప్పినట్టు లాక్కెళ్తూ.
బకెట్టులోంచి ఒకటి తీసి
వేళ్ళతోనే వంచి చూపించాడు.
"కాలిన మేకు మెత్తబడిపోద్ది, వెల్మా.
సాపు చెయ్యొచ్చు. బరువు మొయ్యదు."
అయినా బస్తాలోనే వేశాడు.

ఇప్పుడు జాబితా ముందు నిలబడి
"మళ్ళీ చదువు" అన్నాడు.
ఇంగ్లీషు అతనికి నెమ్మదిగా నడుస్తుంది.
చదివాను. సినిమా పేరు, విన్‌గేట్ పేరు.
"ఇంకోసారి."
తన పేరు కోసం వెతుకుతున్నాడేమోనని
నేను కాగితం వైపే చూస్తూ చదివాను,
అతని మొహం చూడాల్సి వస్తుందని.
"ఊరి పేరు వెయ్యలేదే" అన్నాడు.

ఆ ఊరి పేరు నేనెప్పుడూ అడగలేదు.
అడిగాను. చెప్పాడు.
నా నోరు తిరగలేదు.

బహుమతుల రాత్రి రంగుల షెడ్డులో రేడియో పెట్టుకున్నాం.
ఈసారి విందు లేదట, సైనికులకి ఉచితంగా సీట్లట,
బొమ్మలు కూడా ప్లాస్టర్‌వేనట, పైన బంగారు పూత.
యుద్ధం అయ్యాక తెచ్చిస్తే
లోహంవి మార్చి ఇస్తారట.
క్రాత్కీ గోళ్ళలోంచి సున్నం తీసుకుంటూ
"ఏ కిటికీ దగ్గర మార్చిస్తారు?" అని అడిగాడు.
ఎవరో నవ్వారు. నేను నవ్వలేదనే అనుకుంటున్నాను.

వేరే ఊరేదో గెలిచింది.
విన్‌గేట్ మర్నాడు అందరికీ చేతులు కలిపాడు.

సోమవారం కొత్త సెట్టు, అడవిలో వంతెన.
పైన జనం నడవాలి, ఐదంగుళాల మేకులు కావాలన్నారు.
క్రాత్కీ బస్తా మూతి విప్పి
కాలినవాటిని ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతున్నాడు.
మధ్యాహ్నం గంట కొట్టేదాకా చూశాను.
మిగిలినవి చాలేలా లేవు.