ఇషిగాకిలో నాలుగోసారి

పొద్దున ఎనిమిదిన్నరకు దిగాడు.
చేతిలో సంచి లేదు, భుజాన కోటుంది;
మా దీవిలో డిసెంబరులోనూ కోటెవరూ వేసుకోరు.
అదే విమానంలో తిరిగి నాహాకి పోయాడు,
తన సీటింకా చల్లారకముందే.

పదకొండింటికి మళ్లీ.
రెండింటికి మళ్లీ.
ఈసారి నేనే అడిగాను,
ఏమన్నా మరిచిపోయారా అని.
"తపస్సండీ" అన్నాడు, నవ్వకుండా.

పేరు మినెగిషి. టోక్యోలో
బూట్ల కంపెనీకి పద్దులు రాస్తాడట.
నోటుబుక్కు తీసి నా అనాస కేకుల మీద పరిచాడు:
పాయింటుకు తొమ్మిది యెన్లు దాటకూడదు,
దాటితే ఆ దారి కొట్టివేత.
ఇంకా మూడువేల చిల్లర కావాలి,
ఏడాది మారితే అంతా సున్నా.

ఇంతా చేస్తే వరమేమిటి?
"క్యూలో నిలబడక్కర్లేదు."

మా అమ్మమ్మ వాన కోసం మూడు రాత్రులు
కొండ కింద ఉపవాసం ఉండేది.
ఆమెకు దేవుడు కార్డేమీ ఇవ్వలేదు. వాన కూడా
ఒక్కో ఏడు ఇవ్వలేదు.

నాలుగోసారి, దీపాలు వేశాక వచ్చాడు.
ఒకే ఒక్క కేకు కొన్నాడు,
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు,
వెళ్లబోతూ ఆగి
ఇక్కడి సముద్రం ఏ రంగని అడిగాడు.
పొద్దుటి నుంచి ఏడుసార్లు దాని మీదుగా ఎగిరాడు,
గబుక్కున దిగొచ్చని నడవ పక్క సీటులో.

నిన్నటి రంగు చెప్పాను.
తెల్లారకముందే కొట్టు తెరిచాను,
ఇవాళ్టిది నేనూ చూడలేదు.