హ్యాష్ గుర్తు

తొంభై సెకన్లు.
అంతవరకే మా బ్రౌజరుకి ఓపిక.
ఆ తర్వాత తెల్లటి పేజీ పరిచి
అవతల ఎవరూ పలకడం లేదంటుంది,
వాకిట్లోంచే తిరిగొచ్చిన పోస్ట్‌మ్యాన్‌లా.

ఎదెల్మీరా చిగువాయ్ ఏమీ అనదు.
మేజోడు అల్లుతోంది.
తొంభై సెకన్లకి ఒక వరస, ఒక్కోసారి వరసన్నర.
పొద్దున పడవ దిగి లైబ్రరీలోకి వచ్చినప్పుడు
సూదుల మీద వేలెడంత ఉన్ని.
ఇప్పుడు మడమ దగ్గర మలుపు తిరుగుతోంది.

రేకుల మీద బుటాచౌకెస్ దీవి వాన.
పొయ్యిలో తడికట్టె మండదు, మూలుగుతుంది.
సముద్రపు నాచు ఏరుకునే లైసెన్సుకి ఈరోజే గడువు.
ఆవిడ దీవికి మూడింటికి ఆఖరి పడవ.
ఈ గడువు పెట్టినవాడెవడో
మోకాటి లోతు చలినీళ్ళలో ఎప్పుడూ వంగి ఉండడు.

నాకు తెలిసిన వైద్యాలన్నీ అయ్యాయి.
రూటరు తీగ పీకి, ముప్పై లెక్కపెట్టి, మళ్ళీ గుచ్చాను.
కాష్ ఊడ్చాను, కుకీలు తుడిచాను.
ఫైర్‌వాల్‌ని కాసేపు పక్కకి జరగమన్నాను.
వేరే బ్రౌజరు పెట్టి చూశాను,
దానికి ఓపిక ఇంకా తక్కువ.
వాతావరణం పేజీ టక్కున వస్తోంది (రేపూ వానే).
ఫుట్‌బాల్ స్కోర్లొస్తున్నాయి.
పుంటా ఆరెనాస్‌లో ఎవరో అమ్ముకుంటున్న పాత ట్రాక్టరు కూడా వచ్చింది,
నాలుగు ఫొటోలతో.
మత్స్యశాఖ ఒక్కటే రాదు.

"వాళ్ళ సైటే పడిపోయిందేమో" అన్నాను.
"నిన్న రేవులో మా కోడలి ఫోన్లో తెరుచుకుందే" అంది,
కుట్ల లెక్క తప్పకుండా.
"ఫారం ఆ బుల్లి అద్దంలో పట్టలేదు. అందుకేగా నీ దగ్గరికొచ్చా."

అంటే ఇల్లుంది. ఇంట్లో మనుషులున్నారు.
మరి మా పెట్టె
పొద్దుట్నుంచీ ఎవరి తలుపు కొడుతున్నట్టు?

ఫోల్డరు కింద ఫోల్డరు, అడుక్కి దిగాను.
అక్కడో చిన్న ఫైలు,
పేర్ల పక్కన అంకెలు రాసుకున్న చీటీ.
దారి ఎవర్నయినా అడిగే ముందు
యంత్రం దీన్ని చూసుకుంటుంది.
ఇందులో ఉంటే ఇంకెవర్నీ అడగదు.

ఉంది. ఒకే ఒక్క వరస:
మత్స్యశాఖ పేరు, పక్కన నాలుగు అంకెల గుంపులు.
దానిపైన, యంత్రం చదవకుండా హ్యాష్ గుర్తు పెట్టి
మనుషుల కోసం రాసిన మాట:

# పేరు పెడితే దారి దొరకడం లేదు.
# చిరునామా నేనే రాసిపెట్టాను. డైవర్లు వానలో నిలబడ్డారు.
# ఒనోఫ్రె

తేదీ పదకొండేళ్ళ కిందటి జూలై.

ఒనోఫ్రె బార్రియాని నేనెరగను.
నాకు ముందు ఈ కుర్చీ ఆయనది.
సొరుగులో ఒక కాడ విరిగిన కళ్ళజోడు,
బల్ల మీద టీ కప్పు వేసిన గుండ్రటి మచ్చ,
నాకు తెలిసిన ఒనోఫ్రె అంతే.
పదకొండేళ్ళు పనిచేసింది ఆయన సాయం.
పోయిన నెలలో శాఖవాళ్ళు కొత్త సర్వరుకి మారిపోయారు,
చీటీకి ఆ సంగతి ఎవరు చెప్తారు?
అప్పట్నుంచీ మా యంత్రం
ఖాళీ ఇంటి ముందు నిలబడి
మర్యాదగా తలుపు కొడుతూనే ఉంది.

చదివి వినిపించాను.
సూదులు మొదటిసారి ఆగాయి.
"ఆ వానలో మా ఆయనా ఉన్నాడు.
ఒనోఫ్రె లోపలికి పిలిచి అందరి కోట్లూ ఈ పొయ్యి చుట్టూ ఆరేశాడు.
వారం రోజులు పుస్తకాలన్నీ చేపల కంపు."

చెరిపేసే మీట మీదికి వెళ్ళిన వేలు
వెనక్కి తీసుకున్నాను.
అంకెల వరస ముందు
నేనూ ఒక హ్యాష్ పెట్టాను.
ఇక యంత్రానికి కనిపించదు,
నా తర్వాత కూర్చునేవాళ్ళకి కనిపిస్తుంది.

పేజీ మూడు సెకన్లలో తెరుచుకుంది.
ఫారం, సంతకం, రసీదు. ప్రింటరు దగ్గి దగ్గి ఇచ్చింది.
రెండూ నలభై. రేవులో పడవ కూత.

రసీదు మేజోడులో దోపి, మేజోడు రొమ్ములో దాచుకుని
గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది:
"ఒక కాలికే అయింది.
రెండోది వచ్చే ఏడు లైసెన్సుకి."