చెవిగుర్తు

రెండు లీటర్ల వెనిగర్,
చేపలు కడిగే ప్లాస్టిక్ తొట్టి,
వేలి దగ్గర చిల్లుపడ్డ రబ్బరు తొడుగులు.
హానుస్ మామయ్య పడవకొట్టంలో
తడి గోనె కింద దొరికినవన్నీ
ఒక్కొక్కటే ముంచాను:
రెండు ఉలులు, ఒక బరమా, పళ్ళూడిన రంపం,
ఇనుమో బురదో తేలని ఒక ముద్ద.

సండోయ్ దీవిలో గాలి నాకితే ఉప్పగా ఉంటుంది.
సైకిళ్ళు రెండు చలికాలాలకే ముసలివైపోతాయి,
తలుపు బందులు పేరుపెట్టి పిలుస్తాయి.
తుప్పుని ఇక్కడెవరూ తిట్టరు.
వాతావరణంలో కలిపి చెబుతారు:
పడమటి గాలి, వాన, తుప్పు.
బంగాళాదుంప కోసి ఉప్పద్ది రుద్దమంది పోస్టాఫీసు రన్వా.
పారేసి కొత్తవి కొనుక్కోమన్నాడు ఆవిడ మొగుడు.

రాత్రంతా తొట్టి సన్నగా చిటపటలాడింది.
పొద్దున మూత తీస్తే
మరిగి మరిగి మిగిలిన టీ రంగు నీళ్ళు,
పుల్లటి నెత్తుటి వాసన.
ఇత్తడి బ్రష్షుతో రుద్దుతుంటే
పెచ్చులు పెచ్చులుగా ఊడి
ముద్ద కాస్తా బాడిస అయింది.
పడవ పలకల్ని లోపలివైపు చెక్కే
వంపు బాడిస.
మెడ దగ్గర, నల్లటి చర్మం మీద,
ఒక చీలిక, దాని పక్కన రెండు గాట్లు.

ఎవర్నీ అడగక్కర్లేదు.
కొండమీద ఆ గుర్తు చూస్తూనే పెరిగాను.
సోఫస్ ఇంటి గొర్రెల ఎడమ చెవి.

"నా బాడిస హానుస్ దగ్గరే ఉంది" అన్నాడు సోఫస్,
నాకు పాలపళ్ళు ఊడుతున్నప్పుడు.
"ఉంటే సముద్రం నన్ను మింగనీ" అన్నాడు మామయ్య
చర్చి మెట్లమీద, అందరూ వినేలా.
సముద్రం మింగలేదు.
మంచం మీదే పోయాడు, నిద్రలో, పొడి బట్టల్లో.
ముప్ఫయ్యొక్క చలికాలాలు
గొలుసు నాట్యంలో
ఆ ఇంటి చేతికి మా ఇంటి చెయ్యి అందలేదు.
మధ్యలో ఎవరో ఒకరు దూరి
గొలుసు తెగకుండా చూసేవారు.

సోడా నీళ్ళలో ముంచి, కడిగి,
సింకు పక్కన పెట్టి నిలబడ్డాను.
మరిచిపోయాడా? దాచాడా?
దాచినవాడు ఒక్కసారీ వాడుకోలేదేం?
రేపిద్దామనుకున్నాడా, ఎల్లుండా?
చూస్తుండగానే
తెల్లగా తేలిన అంచు మీద
నారింజరంగు నూగు.
కడిగిన ఇనుము మన ఆలోచన తెమిలేదాకా ఆగదు.
ఈ గాలిలో దానికి పావుగంట చాలు.
మామయ్య కూడా ఇలాగే, ఏదో ఒక సాయంత్రం,
చేతిలో తడిగుడ్డతో
నిలబడిపోయి ఉంటాడు.

మళ్ళీ రుద్దాను. గబగబా తుడిచి
ఓవెన్‌లో పెట్టాను, రొట్టెని పెట్టినట్టు.
చెయ్యి చురుక్కుమనే వేడిలోనే
కడగని ఉన్ని పిండి తీసిన కొవ్వు పట్టించాను
మెడకీ, అంచుకీ, పిడి దూరే కంతకీ.
అది పీల్చుకున్నంత పీల్చుకుంది.
మిగిలిన ఉన్నిలోనే చుట్టాను.

బతికుంటే ముసలాడికి
తుప్పు వదలగొట్టేదాన్నని
దారిపొడుగునా గొణుక్కున్నాను.
సోఫస్ గుమ్మం ముందు గొణుగుడు ఆగిపోయింది.

అతనికిప్పుడు ఎనభయ్యారు.
బల్లమీద ఉన్ని విప్పాను.
ఎల్స్పా పొయ్యి కట్టేసింది.
అతను గుర్తుని చూడలేదు.
బాడిస ఎత్తి, కిటికీ వెలుతురుకి వాలుగా పట్టి
తుప్పు తిన్న గుంటల్ని
బొటనవేలితో తడుముకుంటూ పోయాడు.
"ఇవి సానకి పోవు."
"పోవు" అన్నాను.
"కొవ్వు ఎక్కువ పూశావు. పిడి జారుతుంది."
"ఏడాదికోసారి పూయాలట" అంది ఎల్స్పా, ఎవరితోనో అన్నట్టు.
"ఎవరొస్తారు పూయడానికి?"

గోడగడియారం తప్ప ఎవరూ మాట్లాడలేదు.
సోఫస్ పైపైన ఉన్న కొవ్వు వేలితో తీసి
పగిలిన మెటికలకి రాసుకున్నాడు.
ఇంకా మిగిలింది.
నా చెయ్యి లాక్కుని
చిల్లు తొడుగులోంచి వెనిగర్ కొరికిన చోట రాశాడు,
గొర్రెపిల్ల చెవి కోశాక రాసినట్టు,
గట్టిగా.