వద్దు అనే మాట

జాబ్రియాలో ఆగస్టు. బయట నలభై తొమ్మిది.
లోపల ఏసీకి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.
ఈ రెంటికీ మధ్య మూలన
ముప్ఫై ఏడు దగ్గర నిలబడ్డ ఉక్కుపెట్టె ఒక్కటే
ఒంటి వేడిని గుర్తుపెట్టుకుంది.

తలుపు తీస్తాను. ఫ్లాస్కు అడుగున
రోజా రంగు నీళ్ళ కింద
ఎలుక పిట్యూటరీ కణాలు.
ఆ ఎలుక నేను పుట్టకముందే పోయింది.
దాని కణితి మాత్రం ఫ్లాస్కు నుంచి ఫ్లాస్కుకు
అద్దె గదులు మారినట్టు మారుతూ
గడ్డకట్టి, కరిగి, విమానాలెక్కి
ఇక్కడికొచ్చి చేరింది, ఇఖామా లేకుండా.

గుర్రపు సీరం తాగి బతుకుతాయి.
పని: పాలు రమ్మని కబురు పంపడం.
రొమ్ము లేదు, పిల్ల లేదు, తల్లే లేదు.
కబురు మాత్రం రోజూ బయల్దేరుతుంది.
దాన్ని పిపెట్‌తో తీసి
ట్యూబు మీద తేదీ రాస్తాను.

ముందురోజు సీరం ఆపి పస్తు పెడతాం.
తర్వాత ఒక చుక్క టీఆర్‌హెచ్.
కాల్షియం గుప్పున లేస్తుంది,
దాచుకున్న సంచులు గోడకానుకుని పగులుతాయి,
పది నిమిషాలకే నీళ్ళలో హార్మోను.
ఈస్ట్రోజెన్ అలా కాదు, నిదానం.
మూడు రోజులు నచ్చజెప్పి
జన్యువు దగ్గరే పని పెంచుతుంది.

"మరి ఆపేదెవురు మా?" అంది ఓబులమ్మ,
తుడుపుకర్ర గోడకానించి.
రాయచోటి మనిషి. పదకొండేళ్ళుగా ఈ నేల తుడుస్తోంది,
ఏ బల్ల కింద ఏం ఒలికిందో నాకంటే ఆమెకే తెలుసు.
చెప్పాను: తలలో ఉన్నప్పుడు పైనుంచి
డోపమైన్ అని ఒకటి దిగుతుంటుంది.
పగలూ రాత్రీ దానిది ఒకటే ఉద్యోగం, వద్దు అనడం.
మిగతా హార్మోన్లు చాలావరకు కానీ అంటేనే కదులుతాయి,
దీనికి, వద్దు అనడం మానితే చాలు.
"పొయ్యి మింద పాలకాడ కూసున్నెట్ల"
అని బకెట్ తీసుకుంది.

ఈ కణాలకూ ఆ మాట చెప్పి చూశాం.
మూడు మోతాదుల్లో, మూడేసి గుంటల్లో.
గ్రాఫు మీద గీత కదల్లేదు.
వాటికి డోపమైన్ వినే చెవి లేదు.
డాక్టర్ హనాన్ "తెలిసిందేగా" అని కాగితం మడిచింది.

ఆమెకు నేను చెప్పనిది ఒకటుంది.

మార్చిలో ఫర్వానియా గదిలో
బట్టలు మార్చుకుంటుంటే రెండు మచ్చలు, తడి.
చెమట అనుకున్నాను. చెమట తెల్లగా ఉండదు.
ముప్ఫై నాలుగేళ్ళు. పెళ్ళి లేదు.
నెలసరి అప్పటికే నాలుగు నెలలుగా లేదు,
నైట్ షిఫ్టుల మీద తోసేశాను.
ఈ పాల సంగతే పొద్దస్తమానం కొలిచే నేను.

స్కానులో ఏడు మిల్లీమీటర్లు. కందిగింజంత.
వారానికి రెండుసార్లు అర మాత్ర,
డోపమైన్ వేషం కట్టిన మందు.
వేసుకున్న రాత్రి కడుపులో తిప్పుతుంది,
పొద్దున్నే లేస్తే గోడ పట్టుకోవాలి.
జూన్‌కి అంకె సగమైంది. జూలైకి ఇంకా.
అంటే నా కందిగింజకు చెవులున్నాయి.

ఒక అర్ధరాత్రి, ప్లేటులో ఒక గుంట మిగిలితే
నా రక్తం కూడా పెడదామనుకున్నాను.
ఎలుక కిట్టు మనిషిని చదవదు.
తెలిసీ అనుకున్నాను.

ఆపమన్నది నేనే. ఆగింది.
ఆగిన రోజు స్నానాలగదిలో
ఒకసారి నొక్కి చూసుకున్నాను.
చుక్క లేదు.
రెండోవైపు కూడా చూశాను.

ఇవాళ గురువారం. కణాలు అడుగంతా కమ్మేశాయి, పంచాలి.
సగం కొత్త ఫ్లాస్కుకు, సగం బ్లీచ్‌కు.
రోజా రంగు చూస్తుండగానే వెలిసిపోతుంది.
"ఈటికి పేరేం లేదా?" అంది ఓబులమ్మ.
"జీహెచ్ మూడు."
"అదేం పేరు మా" అంటూ
కిటికీ అద్దం తుడవబోయి ఆగింది.
దుమ్ము బయటివైపు ఉంది.