బీడు పెట్టిన నీళ్లు

వాచీల కంటి అద్దం ఎడమ కంటికి బిగించి
చూశాను కాబట్టి దొరికింది:
పసుపు చారల చేప రెక్క మీద
ఉప్పు రవ్వంత తెలుపు.
ఒకటి కాదు, పదకొండు.
రాయికేసి ఒళ్లు గీక్కుంటోంది అది
గోడకి వీపు రుద్దుకునే ఎనుములాగా.

తప్పు నాదే.
మొన్న ఆదివారం తుమ్మలపెంట ఒడ్డున
పామంజి పోలయ్య వలలోంచి ఏరి
"నీకేలే ఖాజావలీ" అని డబ్బాలో వేసిచ్చిన నీలం చేపని
ఒక్క పూటన్నా వేరుగా ఉంచకుండా
తెచ్చిన చేత్తోనే వదిలేశాను.
ఇంటికొచ్చిన చుట్టాన్నయినా
కాళ్లు కడుక్కోమంటాం గదా.

నీలంది మంగళవారానికి పోయింది.
మిగిలినవి నాలుగు.

ఆ రాత్రి షట్టరు సగం దించుకుని మొదలెట్టాను.
రొయ్యల గుంటల వాళ్లు పారేసిన డ్రమ్ము, అడ్డంగా కోసిన సగం.
అడుగున ఇసక లేదు, రాయి లేదు,
ఆస్పత్రి గచ్చులాగా బోసి.
దాక్కోడానికి చోటు లేకపోతే భయంతోనే సగం చస్తాయని
బోరింగు షాపులో అడుక్కొచ్చిన పైపు వంపులు నాలుగు,
తలా ఒక ఇల్లు.
స్పాంజీ, గాలి మోటారు, హీటరు.
వేరే వల. వేరే మగ్గు. వేరే తువ్వాలు.
ఈ తొట్టి చుక్క ఆ తొట్టిలో రాలకూడదు.
మోచేతి దాకా కడుక్కుని తుడుచుకుని
నా చేతిని నేనే అనుమానించడం
యాభై రెండో ఏట నేర్చుకున్నాను.

తర్వాత రాగి.
మంచిదని ఇంట్లో చెంబులో పోసుకు తాగుతామే, అదే రాగి.
ఇక్కడ చుక్క తగ్గితే పురుగుకి నవ్వులాట,
చుక్క హెచ్చితే చేపకి ఆఖరి పూట.
హెచ్చెమ్టీ చక్రాలకి నూనె పెట్టిన వేళ్లు
మూడు రోజుల పాటు లెక్కపెట్టి లెక్కపెట్టి పెంచాయి మందుని.
పొద్దునా సాయంత్రం గాజుగొట్టంలో నీళ్లు పట్టి
రంగుల అట్ట పక్కన ఆనించి చూడటం,
చూసింది నమ్మక మళ్లీ చూడటం.
కొత్త నీళ్లలో వాటి ఉచ్చే వాటికి విషం,
తోడి పొయ్యి, పోసినంతకీ మళ్లీ మందు కలుపు.

టీవీఎస్ మీద రెండు క్యాన్లు సముద్రం దించుతూ
పోలయ్య నవ్వాడు:
"ఏందబ్బయా, సముద్రంలో వీటికి ఎవురు మందేశారు?"
సముద్రానికి వెడల్పుంది పోలయ్యా.
అక్కడ జబ్బు చేపని వెతుక్కోవాలి.
నా గాజులో అయితే అటు తిరిగితే చాలు, తగుల్తుంది.
వాడేం మాట్లాడలేదు. క్యాను మూత బిగించి
ఈసారి ఇంకాస్త లోపలికెళ్లి పట్టుకొస్తా నీళ్లు, అన్నాడు.

తొమ్మిదో నాడు ఒకటి పైపులోనే ఆగిపోయింది.
పన్నెండో నాడు చారలది పైకొచ్చి
వేలి కొస నుంచి రొయ్యపొట్టు లాక్కుంది.
ఎవరికి చెప్పుకోను? ఎదురు జిరాక్స్ కుర్రాడికి చెప్పాను.
"ఓ" అన్నాడు.

పెద్ద తొట్టి మటుకు ఖాళీగా నడుస్తోంది, లైటుతో, మోటారుతో.
పురుగు పట్టిన మడిని మా తాత బీడు పెట్టేవాడు,
తినను పైరు లేకపోతే పురుగు దానంతటదే ఎండుతుందని.
నీళ్లని బీడు పెట్టడం నాతోనే మొదలేమో మా ఇంట్లో.
డెబ్బై ఆరు రోజులు.
బెల్టు మార్పించుకోను వచ్చినవాళ్లు అడుగుతారు
చేపల్లేని తొట్టికి కరెంటు దేనికయ్యా అని.

చేపలే లేవు.
రాగి పడదని రొయ్యని అందులోనే ఉంచాను,
ఎర్ర పట్టీల రొయ్య,
చేపల ఒళ్లు శుభ్రం చేసి బతికేది.
దీపం వేయగానే రాతి సందులోంచి బయటికొచ్చి
తెల్లటి మీసాలు ఊపుతుంది రండి రండి అని,
గిరాకీ లేని సెలూన్లో
దువ్వెన తుడుచుకుంటూ నిలబడ్డ మనిషిలాగా.
ఇవాళ్టికి నలభై ఐదు.
నేనూ షాపు తీసే ఉంచాను.