ముల్లు లేచేదాకా

పోర్ట్ గ్లాస్గోలో శనివారం.
షెడ్డు రేకుల మీద వాన దరువేస్తోంది.
డూగల్ మామయ్యకు మాత్రం
పైన ఎండ కాస్తున్నట్టే.
ఓడల కడుపులో గొంతుక్కూర్చుని
ముప్పై ఒక్క ఏళ్లు
గాలిసుత్తితో ఇనుప అతుకులు బిగించినవాడు.
చెవులు రెండూ ఏదో ఓడతోపాటు
నీళ్లలోకి దిగిపోయాయి.
ఏ ఓడో ఆయనకే గుర్తులేదు.

కారు మోరిస్ మైనర్. యాభై తొమ్మిదిది.
ఉడకేసిన బఠాణీ రంగు అంటుంది మా అమ్మ.
ఒకప్పుడు దీని జబ్బులన్నీ చెవితోనే పట్టేవాడు.
స్క్రూడ్రైవర్ కొస ఇంజను మీద,
పిడి చెవి వెనక ఎముక మీద,
కళ్లు మూసుకుని
"మూడో టాపెట్ వదులైంది" అనేవాడు,
నాడి చూసినవాడిలా.

మొన్న కొండ ఎక్కుతుంటే
అడుగున టకటక మొదలైంది.
అమ్మ విన్నది. నేను విన్నాను.
బస్టాపులో చిప్స్ తింటున్న కుర్రాడు కూడా
తల తిప్పి చూశాడు.
స్టీరింగు పట్టుకున్నవాడు ఈల వేస్తూనే ఉన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ
గ్యాస్ బిల్లు వెనక రాసి చూపించింది.
చదివి, కళ్లజోడు తీసి,
"ఎప్పటినుంచి?" అన్నాడు.
ఎవరమూ పలకలేదు.
నూనె పోశాడు. టకటక ఆగింది.
ఆగిందని కూడా
మేమే చెప్పాల్సి వచ్చింది.

అందుకే ఈ గేజు.
అరచేతిలో పట్టే గుండ్రటి మొహం,
సున్నా నుంచి నూరుదాకా గీతలు.
పాత సామాన్ల ఆర్చీ పన్నెండు పౌండ్లన్నాడు,
తొమ్మిదికి తెచ్చాడు మామయ్య.
చెవిటివాడితో బేరం ఎవరు గెలుస్తారు?

"దీపం ఉందిగా, నూనె తగ్గితే వెలగడానికి?"
పెదవులు కనబడేలా అడిగాను.
"అది పోయాక తలాపున పెట్టే దీపం" అన్నాడు.

నేను టార్చి పట్టుకున్నాను.
ఇంజను వెనక, రెండు వేళ్లు దూరే సందులో
పాత స్విచ్చి విప్పి
మూడు నోళ్ల ఇత్తడి ముక్క పెట్టాడు.
ఒక నోరు ఇంజనుకి, ఒకటి దీపానికి,
ఒకటి గేజుకి.
దీపాన్ని తిట్టాడే గానీ తీసెయ్యలేదు.

మర పక్కకు పట్టింది. రెండుసార్లు.
మూడోసారి బిగించే వైపు కాక
వెనక్కి తిప్పుతూ పోయాడు, మెల్లగా,
వేళ్ల కొసలతో.
గాడిలో పడ్డ చిన్న 'టక్'
నాకు వినబడింది.
ఆయనకు తెలిసింది.

రాగి గొట్టం, గడ్డిపోచంత సన్నం.
సీసా మెడకు రెండు చుట్లు చుట్టి తీశాడు.
"తిన్నగా లాగితే సరిపోతుంది కదా?"
"ఇంజను వణుకుతుంది. గోడ వణకదు.
మధ్యలో ఉన్నదానికి
కాస్త వదులుండాలి, లేకపోతే తెగుతుంది."

గోడకు చిల్లు. చిల్లుకు రబ్బరు కమ్మి.
డాష్‌బోర్డు కింద తలకిందులుగా దూరి
ఓడలవాళ్ల బూతులన్నీ అయ్యాక
తాళం తిప్పాడు.

ఒకటి.
ఇంజను అందుకుంది. సీటు చెప్పినట్టుంది ఆయనకు.
రెండు.
ముల్లు సున్నా మీదే పడుకుని ఉంది.
మూడు.
ఆయన చెయ్యి తాళం దగ్గరికి పోతోంది.
అప్పుడు లేచింది.
ఇరవై. నలభై.
అరవై దగ్గర నిలబడి
కొంచెం ఒణికింది,
కొత్త ఇంట్లో కూర్చోమంటే కూర్చోలేనివాడిలా.

ఆయన ఏమీ అనలేదు.
గాజు మీద నూనెవేలి ముద్ర
చొక్కా చేతితో తుడిచాడు,
మళ్లీ తుడిచాడు.

గొట్టం కొసన ఒక బొట్టు ఊరి
బూటు మీద పడింది.
స్పానరుతో పావు చుట్టు.
ఇంకో అర పావు.
ఆగింది.

సాయంత్రం నది ఒడ్డున తిరిగొస్తున్నాం,
అమ్మ వెనక సీట్లో.
సిగ్నలు దగ్గర ముల్లు కిందికి జారింది.
"పద్దెనిమిది!" అని అరిచాడు,
చెవిటివాళ్లు అరిచేంత గట్టిగా.
పక్క కారావిడ అద్దం పైకెత్తుకుంది.
వేడెక్కితే అంతే దిగుతుందని
ఆయనే నాకు పొద్దున చెప్పాడు.

కొండ మొదలైంది.
అమ్మ ముందుకు వంగి
అద్దంలో తన పెదవులు కనబడేలా
"ఏమంటోంది?" అంది.

ఏళ్ల తర్వాత
మాకు తెలియనిది ఆయనకు ముందు తెలిసింది.
"యాభై అయిదంటోంది, సెంగా" అన్నాడు, మామూలు గొంతుతో.

వాన మళ్లీ పట్టుకుంది.
గాజు మీద చినుకులు చూసి
వైపర్లు వేశాడు.